‘చదవలేదు’ అనే తీర్పు: తొలి పఠన మూల్యాంకనంలో ఒక నైతిక ప్రశ్న

తెలుగు వ్యతిరేక క్రియల్లో ఒక విశేషం ఉంది. జరగని పనిని చెప్పే రూపం కర్తను బట్టి మారదు. నేను చదవలేదు, నువ్వు చదవలేదు, వాడు చదవలేదు, వాళ్లు చదవలేదు. అశక్తిని చెప్పే రూపం మాత్రం కర్తను బట్టి మారుతుంది: చదవలేను, చదవలేవు, చదవలేడు, చదవలేరు. ఈ రెండు వరుసలూ ఒక్కచోట కలిసిపోతాయి. ‘ఆ పిల్ల చదవలేదు’ అన్నప్పుడు ఆమె ఆ పని చేయలేదని అర్థమా, ఆమెకు ఆ శక్తి లేదని అర్థమా? రూపాన్ని బట్టి తేల్చలేం. చిన్నయసూరి పరిభాషలో చెప్పాలంటే, ఏకవచనంలో స్త్రీవాచకాలు అమహత్తులతో పాటే నడుస్తాయి కనుక ఈ సందిగ్ధత ఆడపిల్లకు వర్తిస్తుంది, మగపిల్లవాడికి వర్తించదు. మాట్లాడుకునేటప్పుడు సందర్భం ఈ చిక్కును విప్పుతుంది. పట్టికలోని గడికి సందర్భం ఉండదు.

ఈ వ్యాసం ఉద్దేశం వ్యాకరణ చర్చ కాదు. ఏడెనిమిదేళ్ల బిడ్డ చేత ఒక కాగితం చదివించి, ఆ నాలుగు నిమిషాల్లో జరిగినదాన్ని ఆ బిడ్డ శక్తిగా నమోదు చేయడం నేడు విద్యారంగంలో నిత్యకృత్యం. ఒక సంఘటనను శక్తిగా మార్చి రాసే ఈ అధికారం ఎక్కడినుంచి వస్తుంది? దానితో పాటు మెడకు చుట్టుకునే బాధ్యత ఏది? ఈ ప్రశ్నలను ఇంతవరకు విద్యాశాస్త్రవేత్తలకూ ఆర్థికశాస్త్రవేత్తలకూ వదిలేసి మనం కావ్యాల్లో నిమగ్నమయ్యాం. అయితే పిల్ల చదవవలసింది తెలుగు. ఆగిపోతున్నది తెలుగు అక్షరం దగ్గర. కాబట్టి ఇందులో మన శాఖల జోక్యం అనధికారం కాదనుకుంటాను.

గన్నవరంలో ఒక మధ్యాహ్నం

ఎం.ఏ. చదువుతున్న రోజుల్లో పిల్లల పఠన స్థాయిని కొలిచే ఒక సర్వేకు స్వచ్ఛందంగా వెళ్లాను. గన్నవరం మండలంలో ఒక ఊరు. వరి పొట్ట దశలో ఉంది. ఇళ్లలో పెద్దలు తక్కువ, పిల్లలూ ముసలివాళ్లూ ఎక్కువ. ఒక అరుగు మీద తొమ్మిదేళ్ల అమ్మాయి, పక్కన ఆమె నాయనమ్మ. పేరా చూపించాను, నోరు విప్పలేదు. పదాలు చూపించాను. మొదటి అక్షరం మీద వేలు పెట్టి ఆగిపోయింది. అక్షరాలు చూపిస్తే ‘గ’ను చూసి ‘గంప’ అంది, ‘ల’ను చూసి ‘లత’ అంది. గోడ పటంలో బొమ్మతో కలిపి నేర్చుకున్న అక్షరం బొమ్మను వదలకుండా వస్తున్నది. ఇది ఒప్పా, తప్పా? నాకిచ్చిన సూచనల్లో దీని ప్రస్తావన లేదు. ఒప్పుగానే లెక్కవేసుకుని ‘అక్షర స్థాయి’ అని గుర్తు పెట్టాను.

నాయనమ్మ అడిగింది: “ఏం రాసుకున్నావమ్మా? మా పిల్లకు చదువొస్తుందా, రాదా?” ఒక్క మాటలో జవాబు చెప్పాను. ఆ జవాబు సంగతి తరువాత.

తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి రోడ్డు దాకా నాతో వచ్చింది. దూరం నుంచి బస్సు వస్తుంటే దాని నుదుటి బోర్డు చూసి “గన్నవరం” అంది. ఆ దారిన వచ్చే బస్సులు చాలావరకు గన్నవరం వెళ్లేవే కాబట్టి అది చదవడం కాదనుకున్నాను. పరీక్షిద్దామని నా నోటు పుస్తకంలో ‘గన్నవరం’ అని రాసి చూపించాను. వెంటనే చెప్పింది. నకారం కింద నకారపు ఒత్తుతో సహా! ఒత్తులేని రెండక్షరాల మాట దగ్గర అరగంట క్రితం ఆగిపోయిన పిల్ల ఈమే. అప్పుడు ‘వరం’ అని విడిగా రాశాను. చాలాసేపు చూసి, “ఇది గన్నవరంలో ముక్క కదా” అంది.

ఆమె చదివినట్టా, చదవనట్టా? నా కాగితంలో ఈ సంఘటనకు గడి లేదు. ఈ వ్యాసానికి మూలం ఆ లోటే.

కొలతలు ఏం చెబుతున్నాయి

మన దేశంలో తొలి పఠనాన్ని విస్తృతంగా కొలవడం 2005లో ప్రథమ్ సంస్థ ప్రారంభించిన ‘అసర్’ నివేదికలతో ప్రజల దృష్టికి వచ్చింది. బడికి కాకుండా ఇంటికి వెళ్లడం, బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టి బిగ్గరగా చదివించడం దాని పద్ధతి. జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు. సాధనం ఒకే కాగితం: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. బిడ్డ సౌకర్యంగా చేరుకోగలిగిన పై మెట్టే ఆ బిడ్డ స్థాయి. అక్షరాలు అయిదింట నాలుగు, పదాలు అయిదింట నాలుగు సరిగా చెబితే చాలు. పేరాలో మూడు తప్పుల దాకా అనుమతి ఉంది. నెమ్మదిగా చదివినా సరే, విడివిడి మాటల దండలా కాక వాక్యంలా చదవాలన్నది ఇందులో నియమం. ఈ నియమం రాసినవారికి చదవడమంటే ఏమిటో తెలుసు.

ఈ కొలతలో 2022 నాటి ఫలితాలు చూద్దాం. ప్రభుత్వ, ప్రైవేటు బడులు కలిపి మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవారు 2018లో దేశం మొత్తం మీద 27.3 శాతం, 2022లో 20.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అదే కాలంలో 22.6 నుంచి 10.3కు, తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడిపోయింది. కరోనా కాలంలో బడులు మూతబడడం ఇందుకు ప్రధాన కారణం. 2024 నాటికి దేశస్థాయిలో అది 27.1కి కోలుకుంది. కోలుకోవడం అన్న మాట ఇక్కడ ఎంత చిన్నదో గమనించాలి: నలుగురిలో ఒకరికంటే కాస్త ఎక్కువ.

మరొక కొలత వేగానికి సంబంధించినది. 2020 జాతీయ విద్యా విధానం మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ పునాది అక్షరాస్యత అందాలని నిర్దేశించింది. దాని అమలుకు 2021 జూలై 5న ‘నిపుణ్ భారత్’ మొదలయింది. అందులో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది లక్ష్యం. వేగం గురించి తరువాత మాట్లాడుకుందాం. ముందు తేల్చవలసినది ఇంకొకటి ఉంది.

ఎప్పుడు వచ్చింది?

చదవడం ఏ క్షణాన వస్తుంది? విట్‌గెన్‌స్టైన్ మరణానంతరం 1953లో అచ్చయిన ‘ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్’లో 156వ పరిచ్ఛేదం నుంచి ఈ ప్రశ్న మీద సుదీర్ఘ విచారణ ఉంది. అర్థజ్ఞానాన్ని ఆయన కావాలనే పక్కన పెట్టి, రాసినదాన్ని బిగ్గరగా పలకడం వరకే తీసుకుంటాడు. నేర్చుకుంటున్న విద్యార్థి ఒక మాట సరిగా పలికితే, అది యాదృచ్ఛికం, ఇంకా చదవడం రాలేదు అంటాడు ఉపాధ్యాయుడు. కొన్నాళ్లకు ఇప్పుడు చదువుతున్నాడు అంటాడు. అయితే ఆ విద్యార్థి చదివిన మొట్టమొదటి మాట ఏది? ఈ ప్రశ్నకు అర్థం లేదని విట్‌గెన్‌స్టైన్ వాదన. మనమే ఒక నిర్వచనం పెట్టుకుంటే తప్ప, ఇన్ని మాటలు వరుసగా సరిగా పలికితే అందులో మొదటిది అని గీత గీసుకుంటే తప్ప, అటువంటి మాట దొరకదు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. వాక్యపదీయం బ్రహ్మకాండలో స్ఫోటం క్రమక్రమంగా వ్యక్తమయ్యే తీరును వివరిస్తూ భర్తృహరి వల్లెవేతను ఉపమానంగా తీసుకున్నాడు. ఒక అనువాకమో శ్లోకమో మళ్లీమళ్లీ వల్లించగా వశమవుతుంది. కానీ ఆ వశం కావడాన్ని ఏ ఒక్క ఆవృత్తికీ విడిగా అంటగట్టలేం. ప్రతి ఆవృత్తీ ఏదో ఒక సంస్కారాన్ని మిగుల్చుతుంది, చివరిదానిలో స్పష్టత కలుగుతుంది. పద్నాలుగు శతాబ్దాలకు పైగా ఎడం ఉన్న ఈ ఇద్దరి తాత్త్విక ప్రయోజనాలు వేరు. ఒకరు మానసిక వ్యాపారం మీద మనకున్న భ్రమను తొలగించదలచారు, మరొకరు శబ్దతత్త్వాన్ని నిలబెట్టదలచారు. వారిని బలవంతంగా ఏకం చేయడం నా ఉద్దేశం కాదు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ తొలి పఠన పరీక్షకు ఉపకరిస్తారు. రావడానికి, రాకపోవడానికి మధ్య గీత ప్రకృతిలో లేదు, మనం గీసుకున్నది.

గీత మనం గీసుకున్నంత మాత్రాన అది అన్యాయం కాదు. ఓటుహక్కుకు పద్దెనిమిదేళ్లన్నదీ గీసుకున్నదే. పదివేలమంది పిల్లల మీద ఆ గీతను వాడినప్పుడు, అటూ ఇటూ ఉన్న సందేహాలు లెక్కలో సర్దుకుంటాయి. 10.3 శాతం అన్న అంకె ఒక రాష్ట్రం గురించిన వాస్తవం. కానీ అదే గీతను ఒక్క బిడ్డ మీద వాడి ‘చదవలేదు’ అన్నప్పుడు సర్దుకోవడానికి రెండో బిడ్డ లేదు. ‘ఇది గన్నవరంలో ముక్క కదా’ అన్న పిల్ల గీత మీదే నిలబడి ఉంది. అక్షరం పూర్ణపదం నుంచి విడివడే పని ఆమెలో నా కళ్లముందే జరుగుతున్నది. దానికి నేను పెట్టిన పేరు అక్షర స్థాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. తెలుగులో ‘చదువు’ అన్న మాట పఠనానికీ, మొత్తం విద్యకూ ఒకటే. చదువు రాలేదు, చదువు అబ్బలేదు అంటే ఒక జీవితకాలపు తీర్పు. నా కాగితం అడిగింది మొదటి అర్థంలో, నాయనమ్మ విన్నది రెండో అర్థంలో. సర్వే పత్రాన్ని తెలుగు చేసినవారి తప్పేమీ కాదిది. కానీ ఆ పత్రం పట్టుకుని తెలుగు ఇంట్లోకి అడుగుపెట్టేవారు ఎరిగి ఉండవలసిన తేడా.

నిమిషానికి ఎన్ని పదాలు

అసర్ నెమ్మదిని తప్పుపట్టదని పైన చెప్పాను. వేగపు కొలత అలా కాదు. నిమిషానికి 60 అంటే సెకనుకు ఒక పదం. ఏ భాషలో పదం? ‘చదవలేకపోతున్నాను’ అన్నది తెలుగులో ఒక పదం, తొమ్మిది అక్షరాలు. ఇదే భావం హిందీలో ‘పఢ్ నహీఁ పా రహా హూఁ’ అని అయిదు పదాలు. హిందీ బిడ్డకు అయిదు సెకన్లు, తెలుగు బిడ్డకు ఒక సెకను. తెలుగులోనే మరొకటి చూడండి. ‘ఇంటికి వెళ్లాను అని చెప్పింది’ అని విడదీసి అచ్చువేస్తే నాలుగు పదాలు. ‘ఇంటికెళ్లానని చెప్పింది’ అని సంధి కలిపితే రెండే. పాఠం రాసిన సంపాదకుడి అలవాటును బట్టి అదే బిడ్డ వేగం సగమో రెట్టింపో అవుతుంది. సంధి నిత్యమా వైకల్పికమా అని బాలవ్యాకరణం మీద మనం చేసే చర్చలకు ఇంత ప్రత్యక్షమైన ప్రయోజనం ఉంటుందని నేనూ అనుకోలేదు.

ఈ చిక్కును జాతీయ స్థాయిలో అసలు గుర్తించలేదనడం అన్యాయం. 2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో మూడో తరగతి పిల్లలతో చేసిన పునాది అభ్యసన అధ్యయనం భాషకొక ప్రమాణాన్ని వేరుగా నిర్ణయించింది. అయినా ఉపాధ్యాయ శిక్షణలో, గోడపత్రికల్లో తేలికగా గుర్తుండేది 60 అన్న ఒక్క అంకే.

పదం కంటే ముందు అక్షరమే సమస్య. ముప్పైకి పైగా ఉన్న హల్లులకు ఒక్కొక్కదానికి పద్నాలుగు, పదిహేను గుణింత రూపాలు లెక్కవేస్తే అయిదువందల దరిదాపుల్లో తేలుతాయి. ఒత్తులు ఇంకా లెక్కలోకి రానేలేదు. వర్ణమాల అంతా అప్పజెప్పిన బిడ్డకు చదవడానికి కావలసిన ఆకృతుల్లో కొద్ది భాగమే తెలుసు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఇంగ్లీషు వంటి వర్ణలిపులతో పోలిస్తే అక్షరజ్ఞానం అక్కడ తొలి తరగతులతో ముగియదు, పై తరగతుల దాకా సాగుతూనే ఉంటుంది. అంటే రెండో తరగతిలో ఒత్తుల దగ్గర తడబడడం లోపం కాదు, ఆ లిపి నేర్చుకునే దారిలో ఒక మజిలీ. ఇంగ్లీషు అనుభవంతో తయారైన గడియారానికి మాత్రం అది ఆలస్యం.

మన ప్రాచీనులు వేగాన్ని ఎలా చూశారో ఇక్కడ గుర్తుచేసుకోవడం అప్రస్తుతం కాదు. పాణినీయ శిక్ష అధమ పాఠకులుగా ఎంచిన ఆరుగురిలో తొందరపడేవాడు ఒకడు, అర్థం తెలియనివాడు మరొకడు. వేగం గొప్ప కాదని మురిసిపోయేలోపు ఆ జాబితాలో ఇంకొకడు కనిపిస్తాడు: రాతను చూసి చదివేవాడు! ఆ సంప్రదాయానికి పాఠం నోటిది, చెవిది. మనం నేడు పిల్ల చేత సాధింపజేయాలనుకుంటున్న శక్తి దాని దృష్టిలో దోషం. కనుక సంప్రదాయాన్ని మన పక్షానికి సాక్ష్యంగా పిలిచేటప్పుడు జాగ్రత్త అవసరం. వేగం విషయంలో దాని మాట వింటే రాత విషయంలోనూ వినాల్సి వస్తుంది.

కొలవకపోతే?

ఇంతవరకు చెప్పినదంతా విని, అసలు పరీక్షలే వద్దు, బిడ్డ తన వేగంతో తాను ఎదుగుతుంది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కొలవడం వల్ల జరిగే హాని కంటే కొలవకపోవడం వల్ల జరిగే హాని పెద్దది, పైగా అది కనిపించదు. అయిదో తరగతికి వచ్చి హాజరు పట్టీలో పేరున్న పిల్ల, ప్రగతి పత్రంలో గ్రేడు ఉన్న పిల్ల, ఒక్క పేరా చదవలేకపోవడం అనే వాస్తవం 2005కు ముందు ఇళ్లలో తెలుసు, నివేదికల్లో తెలియదు. అది బయటపెట్టింది ఆ ఒక్క కాగితమే. మంచి ఇళ్ల పిల్లలకు ఎవరో ఒకరు ఇంట్లో చదివించి విని, ఎక్కడ ఆగుతున్నారో పట్టుకుంటారు. ఆ అదృష్టం లేని పిల్లకు బయటివారు విని పట్టుకోవడం తప్ప దారి లేదు.

కొలత తప్పనిసరిగా బోధనను చెడగొడుతుందన్న వాదన కూడా పూర్తిగా నిలవదు. 1862లో ఇంగ్లండులో వచ్చిన సవరించిన నియమావళి పిల్లల పఠన, లేఖన, గణిత పరీక్షలను బట్టి బడులకు డబ్బిచ్చింది. పుస్తకం మొత్తం పిల్లల చేత కంఠస్థం చేయించడం మొదలైంది. తనిఖీ అధికారిగా ఉన్న కవి మాథ్యూ ఆర్నాల్డ్ దీన్ని గట్టిగా విమర్శించాడు. మద్రాసు రాజధానిలోనూ 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఫలితాలను బట్టి గ్రాంటులిచ్చే విధానం నడిచింది. ఈ చరిత్ర చూసి నేను చాలాకాలం కొలత అంటేనే కీడు అనుకున్నాను. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లు చేసి 2011లో ప్రచురించిన ప్రయోగం వేరే సంగతి చెబుతోంది. తెలుగు, గణితంలో పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇస్తే ఆ రెండింటిలోనే కాక, బోనసుతో సంబంధం లేని సామాన్య, సాంఘిక శాస్త్రాల్లో కూడా పిల్లలు మెరుగుపడ్డారు. చదవడం వస్తే మిగతావీ వస్తాయన్నది ఇందుకు ఒక సహజమైన వివరణ కావచ్చు. ఏదేమైనా నా పూర్వాభిప్రాయాన్ని ఇది కొంత సడలించింది.

మరి అభ్యంతరం దేనిమీద? బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన విద్యానివేదికను ఈ కోణంలో చదవాలి. 1816లో తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెలే ఈయన. తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు అని లెక్క చెప్పాడు. ఇసుకలో వేలితో దిద్దించే పొదుపునూ, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతినీ మెచ్చుకున్నాడు. కానీ పిల్లలు వల్లించే పద్యాల అర్థం వారికి చిలుకకు తెలిసినంతే తెలుసునని రాశాడు. కావ్యభాష వారి ఇంటిభాష కాకపోవడమే అందుకు కారణమన్నాడు. ఆనాటి పిల్లకు పలకడం వచ్చు, అర్థం తెలియదు. 2022 నాటి పిల్లకు ఆ కథ చెబితే అర్థమవుతుంది, కాగితం మీద పెడితే పలకలేదు. రెండు చోట్లా బిడ్డ తప్పు లేదు. ఇవ్వవలసినవారు సగమే ఇచ్చారు.

ఆ సగాన్ని పూరించే ప్రయత్నమే గిడుగు రామమూర్తి చేసినది. వ్యావహారిక భాషావాదాన్ని మనం సాహిత్య చరిత్రలో శైలీవివాదంగా బోధిస్తాం. దాని ఆరంభంలో ఉన్నది బడిపిల్ల. ఎవరూ మాట్లాడని భాషలో పిల్లలకు వాచకాలెందుకన్న ప్రశ్న అది, పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్‌ను కలవరపెట్టిన ప్రశ్న కూడా అదే. గిడుగు అంతటితో ఆగక సవరల పిల్లలకు సవర భాషలోనే తెలుగు లిపితో వాచకాలు తయారుచేశారు. ఒక బిడ్డకు చదవడం రాలేదంటే ముందుగా అడగవలసింది ఏ భాషలో రాలేదని. ఈ ప్రశ్న నేటికీ పాతబడలేదు. 2019 నవంబరులో ప్రాథమిక స్థాయి నుంచి ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తరువాత ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకం ముందు కూర్చున్న పిల్లకు రెండు లిపులు ఒకేసారి కొత్త. వాటిలో ఒకదాని భాష కూడా కొత్త. ఒక పుటలో ఆమె 2022 నాటి పిల్ల, మరో పుటలో 1823 నాటి పిల్ల.

విన్నవారి బాకీ

చదివించి వినడం ఒక సంబంధం. బిడ్డ బిగ్గరగా చదివిందంటే తన తడబాటును మరొకరి ముందు పెట్టింది. అది ఆమె తనకు తానుగా కోరుకున్నది కాదు. వచ్చినవారు పెద్దవారు కాబట్టి, నాయనమ్మ చదవమంది కాబట్టి చదివింది. వైద్యుడికి రోగి ఒళ్లు చూపించినట్టే ఇదీ. చూసినందుకు వైద్యుడు ఏదో ఒకటి చేయాలి. ఏమీ చేయకుండా రోగం పేరు రాసుకుని వెళ్లిపోతే, ఆ రాత ఎంత నిజమైనా, చూసే అధికారం అతనికి లేనట్టే. ప్రథమ్ వారి ‘స్థాయికి తగిన బోధన’ పద్ధతికీ సర్వేకూ నైతికంగా ఉన్న తేడా ఇదే అనుకుంటాను, రెంటిలో కాగితం దాదాపు ఒకటే అయినప్పటికీ. మొదటిదానిలో మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలను తరగతిని బట్టి కాక చదివే స్థాయిని బట్టి రోజుకు కొంతసేపు జట్లుగా కూర్చోబెడతారు. కొన్ని వారాలకు మళ్లీ విని జట్టు మారుస్తారు. విన్నవారే తిరిగి వచ్చి వింటారు. అందులోనూ ప్రమాదం లేకపోలేదు. అక్షరాల జట్టులో మిగిలిపోయిన అయిదో తరగతి పిల్లవాడికి పక్కన కూర్చున్న మూడో తరగతి పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. జట్టు మారకపోతే అది కులంలా స్థిరపడుతుంది. మారుతుందన్న నమ్మకమే ఆ పద్ధతికి న్యాయం చేకూర్చేది.

సర్వేకు వెళ్లినవారు ప్రతి ఇంట్లో కూర్చుని నేర్పలేరు, నిజమే. వారి బాకీ నివేదిక చదివేవారికి బదిలీ అవుతుంది. నివేదికలో బహువచనం ఉంటుంది, ‘చదవలేరు’ అని. బహువచనంలో మన భాష ఆ సందిగ్ధతను ఉంచదు, నేరుగా అశక్తినే చెబుతుంది. ‘వారికి మనం నేర్పలేదు’ అని దాన్ని తిరగరాసుకోవలసినది చదివేవారే. ఆ చదివేవారిలో ఉపాధ్యాయులు, అధికారులు ఉన్నారు, మనమూ ఉన్నాం. పిల్లల వాచకాల్లో ఏ గుణింతాలు, ఏ ఒత్తులు ఎంత తరచుగా వస్తాయో లెక్కగట్టడం, వేగాన్ని పదాల్లో కాక అక్షరాల్లో కొలిస్తే ఏమవుతుందో పరిశీలించడం, పరీక్ష పేరాలో సంధి ఎక్కడ కలపాలో ఎక్కడ విడదీయాలో చెప్పడం భాషాశాఖ చేయదగిన పనులు. కావ్యానికి పదసూచిక తయారుచేసే ఓపిక మనకుంది. రెండో తరగతి వాచకానికి అదే ఓపిక చూపడం గౌరవహాని కాదు.

తరగతి గదిలో రాసుకునే పద్ధతి కూడా మార్చవచ్చు. ఆ రోజు నేను అక్షర స్థాయి అని కాక, ‘గన్నవరం చూసి చెప్పింది, వరం దానిలో భాగమని గుర్తించింది, విడి అక్షరాన్ని బొమ్మ పేరుతో కలిపి చెబుతోంది, పేరాకు నోరు విప్పలేదు’ అని రాసి ఉంటే, ఆ కాగితం చేతికందిన ఉపాధ్యాయురాలికి మర్నాడు పని దొరికేది. పిల్లకు తెలిసిన ఒక్క పదం నుంచి వరం, అందులోంచి వ, ర. వాటితో రవ, వర. తరువాత వాటి గుణింతం. పద పద్ధతి అని బోధనశాస్త్రంలో మనం పేరు పెట్టుకున్నది ఇదే. ఆమె దాన్ని బస్సు బోర్డు సహాయంతో తనంతట తాను మొదలుపెట్టింది. అలా రాయడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. నలభైమంది పిల్లలున్న ఉపాధ్యాయురాలికి ఆ రెండు నిమిషాలు తక్కువ కాదని నాకు తెలుసు. ఒకరోజు వచ్చి వెళ్లే నాబోటివారికి ఆ సాకు లేదు.

నాయనమ్మకు నేను చెప్పిన జవాబు “వస్తుందమ్మా” అని. తెలుగులో ‘వస్తుంది’ అన్న రూపం ఇప్పుడు వస్తున్నదనీ కావచ్చు, ఇకముందు రాబోతుందనీ కావచ్చు. ఆమె మొదటి అర్థంలో తీసుకుని మనవరాలి తల నిమిరింది. నేను రెండో అర్థంలో అన్నాను. ఎవరు నేర్పితే వస్తుందో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. పక్క ఇంటికి వెళ్లాలి. ఇంకా పదకొండు ఇళ్లు మిగిలి ఉన్నాయి.